పాత కాంపాక్ట్ ఎస్‌యూవీ కొనడం నేర్చుకుందాం – 3వ పాఠం: నీళ్లు, వంతెన, క్లచ్

కిందటి పాఠంలో బానెట్ ఎత్తి ఆయిల్, కూలెంట్, పొగ రంగు చూడటం నేర్చుకున్నాం. ఈసారి బండి లోపలికీ, కిందికీ వెళ్దాం. ఒక టార్చి, పాత దుప్పటి, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కింద చెప్పే రేట్లు బయటి మెకానిక్ షెడ్డులో సుమారుగా అయ్యేవి. మోడల్‌ని బట్టి మారతాయి, కంపెనీ సర్వీస్ సెంటర్లో ఇంకా ఎక్కువే అవుతుంది.

గోదావరి జిల్లాల్లో బండి కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని తర్వాత అడగొచ్చు. ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి. 2022 జూలై వరదలో కోనసీమ లంక గ్రామాల్లో ఇళ్లలోకే నీళ్లు వచ్చాయి. ఇంటి ముందు నిలబెట్టిన కారును వరద వదిలిపెట్టదు కదా. అడిగితే, "ఏటిగట్టు మీద పెట్టేశామండీ, చుక్క తగల్లేదండీ" అంటారు. నిజమే కావచ్చు. అయినా బండినే అడుగుదాం.

డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని మెల్లగా, ఇక రానంత వరకూ లాగండి. రోజూ పెట్టుకున్నప్పుడు ఆ చివరి జానెడు బయటికి రాదు. సీట్లు, మ్యాట్లు ఎంత శుభ్రంగా కడిగినా అక్కడికి ఎవరి చెయ్యీ వెళ్లదు. బండి మునిగి ఉంటే ఆ భాగంలో ఒండ్రు రంగు మరక అడ్డగీతలా కనిపిస్తుంది, వేలితో రాస్తే సన్నటి మట్టి తగులుతుంది. నాలుగు బెల్టులూ ఇలాగే చూడండి. పాత బండిలో ఒక్క బెల్టు మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఎందుకు మార్చారో అడగండి.

తర్వాత సీటు పట్టాల బోల్టులకు తుప్పుందా, డిక్కీలో స్టెప్నీ కింద గుంతలో బురద ఉందా చూడండి. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజ్ బాక్స్ దగ్గర టార్చి వేయండి. కనెక్టర్లకు పచ్చగా చిలుం పట్టిందా? ఇలాంటి గుర్తులు రెండు మూడు ఒకే బండిలో కనిపిస్తే బేరం ఆడకండి, వదిలేయండి. మునిగిన బండికి రిపేరు ఖర్చు లెక్కగట్టలేం. ఈ నెల పవర్ విండో, వచ్చే నెల ఎయిర్‌బ్యాగ్ లైటు, ఆ తర్వాత ఏకంగా ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్). వైరింగ్ లోపల పట్టిన తుప్పు ఎప్పుడు ఏ మూల తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

ఉప్పునీటి బాధ వేరు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలిలో ఉన్న బండ్లు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్లెక్కి దిగిన బండ్లు కింద నుంచి తుప్పు పట్టిపోతూ వస్తాయి. (డిక్కీ తీయగానే మేత వాసన కొడితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.) దుప్పటి పరిచి పడుకుని సైలెన్సర్ క్లాంపులు, సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్ మోసే ఇనుప చట్రం) అతుకులు, బ్రేక్ పైపులు చూడండి. పైపైన ఎర్రగా ఉంటే ఫర్వాలేదు. గోకితే పొరలుగా రాలితే మాత్రం ఆలోచించాలి. కింద మొత్తం తాజాగా నల్లరంగు కొట్టి ఉంటే నాకు అనుమానమే.

సస్పెన్షన్ గురించి ఎక్కువ చెప్పను, చెవి చాలు. అద్దాలు దించి, ఏసీ ఆపి, గతుకుల రోడ్డు మీద ఇరవై స్పీడులో నడపండి. సన్నగా టకటకమంటే చాలావరకు లింక్ రాడ్లు (సస్పెన్షన్‌లో ఉండే సన్నటి కడ్డీలు). జతకు రెండు మూడు వేలు. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు దడ్‌మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చేయి) రబ్బరు బుష్షులో, స్ట్రట్ (షాక్ అబ్జార్బర్) పైనుండే మౌంటులో చూడాలి. అప్పుడు ఆరేడు వేల నుంచి మొదలవుతుంది.

ఇక క్లచ్. డెల్టా అంతా చదును నేల, కొండ లేదు, ఘాట్ లేదు. అందుకే అరిగిపోయిన క్లచ్‌తో కూడా అమలాపురం నుంచి రావులపాలెం దాకా హాయిగా వెళ్లిపోవచ్చు. దాన్ని పట్టుకోవాలంటే మనకు వంతెనే కొండ. పాలకొల్లు వైపు వాళ్లకు చించినాడ వంతెన ఉంది, యానాం వైపు వాళ్లకు ఎదుర్లంక వంతెన. వెనుక వాహనాలు లేనప్పుడు, ఎక్కుడు మొదలయ్యే చోట నాలుగో గేరులో నలభై, నలభై ఐదు స్పీడు ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు జర్రున పైకి పోయి, స్పీడు మాత్రం కదలకపోతే క్లచ్ జారుతున్నట్టే. కాలిన వాసన కూడా వస్తే సందేహమే లేదు. ముల్లూ, స్పీడూ రెండూ కలిసి మెల్లగా పెరిగితే భయం లేదు. బ్రెజాలో వచ్చిన 1.3 లీటర్ డీజిల్ లాంటివి 2000 ఆర్‌పీఎం లోపు మందకొడిగానే ఉంటాయి. అది ఆ ఇంజిన్ స్వభావం, దాన్ని రోగమనుకోకండి.

క్లచ్ సెట్టు మార్చడానికి కూలీతో కలిపి పది నుంచి పద్దెనిమిది వేలు. కొన్ని డీజిల్ మోడళ్లలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్‌కూ క్లచ్‌కూ మధ్య కుదుపు తగ్గించే రెండు భాగాల బరువు చక్రం) ఉంటుంది. అది కూడా పోతే ఇంకో నలభై వేలు దాటొచ్చు. చూస్తున్న మోడల్‌లో అది ఉందో లేదో ముందే కనుక్కోండి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ బండి అయితే డీపీఎఫ్ సంగతీ చూడాలి. సైలెన్సర్ లైనులో మసి పట్టే ఫిల్టరది. హైవే మీద కాసేపు ఆగకుండా నడిస్తే ఆ మసి తనంతట తానే కాలిపోతుంది. కాలవ గట్టు రోడ్ల మీద సంతకీ, స్కూలుకీ తప్ప తిరగని బండిలో అది పేరుకుపోతుంది. తక్కువ కిలోమీటర్లు తిరిగిందని మురిసిపోవద్దనేది ఇందుకే. మీటరులో ఆ లైటు వెలుగుతోందా చూడండి. శుభ్రం చేయించడం వేలతో పోతుంది. కొత్తది వేయాలంటే కొన్ని మోడళ్లకు లక్ష దాటుతుంది.

ఇప్పుడు లెక్క. 2018 మోడల్ డీజిల్ బండికి 6,20,000 చెప్పారనుకుందాం. క్లచ్ 15,000, లోయర్ ఆర్ములు, లింక్ రాడ్లు కలిపి 9,000, ఏసీ కండెన్సర్ 8,000, 16 అంగుళాల టైర్లు నాలుగు 28,000. మొత్తం 60,000. టైర్లు ఎవరి బండికైనా అరిగేవే కాబట్టి వాటిలో సగమే అడగడం న్యాయం. అంటే మొత్తం మీద 46,000 తగ్గించమని అడగాలి. ఒక్కో లోపం విడిగా చెబితే, "చిన్న పనేనండీ, ఓ రెండు వేలు తగ్గించుకోండి" అని ఒక్కోదాన్నీ కొట్టిపారేస్తారు. అన్నీ కాగితం మీద రాసి, అడుగున మొత్తం వేసి, ఆ కాగితం చేతికివ్వండి. మీరు ఇంకేమీ మాట్లాడక్కర్లేదు.

అభ్యాసం: ఈ వారం మీ ఇంటి బండినో, బావగారి బండినో తీసుకుని సీటు బెల్టు నుంచి వంతెన దాకా అన్నీ చేసి, ఖర్చు కాగితం రాయండి. మీ మెకానిక్‌కు చూపించి, ఆయన చెప్పిన రేట్లు పక్కన వేసుకోండి. 4వ పాఠంలో ఏసీ, కూలింగ్ కాయిల్ గురించి చెప్పుకుంటాం. అప్పుడు ఆ కాగితం కావాలి.