బరువు తగ్గించే ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

ఇప్పుడు ఎక్కువగా రాస్తున్నవి రెండు మందులు: సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్. వెగోవీలో ఉండేది మొదటిది, మౌంజారోలో ఉండేది రెండోది. రెండూ వారానికొకసారి చర్మం కింద వేసుకునేవే. మనం తిన్నాక పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలై మెదడుకు ‘ఇక చాలు’ అని కబురు పంపుతుంది. ఈ మందులు ఆ పనే వారమంతా చేస్తూ ఉంటాయి. ఆకలి తగ్గుతుంది, కొద్దిగా తినగానే కడుపు నిండినట్టుంటుంది. తిన్నది పొట్టలోంచి కిందకు దిగడమూ, ముఖ్యంగా మొదటి వారాల్లో, ఆలస్యమవుతుంది. టిర్జెపటైడ్ దీనికి తోడు జీఐపీ అనే మరో హార్మోన్‌లా కూడా పనిచేస్తుంది.

ఈ మందుల మీద వేలమందితో చేసిన పెద్ద పరీక్షల్లో సెమాగ్లుటైడ్ 2.4 ఎంజీ మోతాదుతో 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ 15 ఎంజీతో 72 వారాల్లో దాదాపు 21 శాతం బరువు తగ్గింది. అంటే 90 కిలోల మనిషి మొదటి మందుతో ఏడాదికి పైగా వాడితే పదమూడు కిలోలకు కాస్త అటూ ఇటూ. ఇవి సగటులు. ఇంతకంటే బాగా తగ్గినవాళ్లూ ఉన్నారు, ఐదు శాతం కూడా తగ్గనివాళ్లూ ఉన్నారు. ఆ పరీక్షల్లో అందరూ ఆహారం, వ్యాయామం మీద సలహా తీసుకుంటూనే మందు వాడారు.

సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు సగటున తిరిగి వచ్చేసింది. మందు ఆగితే ఆకలి వెనక్కి వస్తుంది. అది మనిషి నిగ్రహంలో లోపం కాదు, శరీరం తీరే అంత. అందుకే ‘పెళ్లిలోపు మూడు నెలలు వేసుకుని ఆపేస్తా’ అనుకునేవాళ్లు మొదలుపెట్టకపోవడమే మంచిది. ఖర్చు కూడా నెలకు కాదు, కనీసం రెండేళ్లకు లెక్క వేసుకోండి. మౌంజారో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 ఎంజీ వయల్ (ఒక్క డోసు మందు ఉండే చిన్న సీసా) 3,500 రూపాయలు, 5 ఎంజీది 4,375. నెలకు నాలుగు పడతాయి కాబట్టి 14,000 నుంచి 17,500 అన్నమాట. సెమాగ్లుటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చితో ముగిసింది కాబట్టి ఏ బ్రాండ్ ఎంతకు వస్తుందో డాక్టరును, మందుల షాపును అడిగి పోల్చి చూడండి. మోతాదు పెరిగేకొద్దీ ధర ఎంతవుతుందో మొదటే కనుక్కోండి. డబ్బు సరిపోక మధ్యలో ఆపేయడం చాలామందికి ఎదురయ్యేదే.

ఎవరికి సరిపోతుంది, ఎవరికి కాదు

బీఎంఐ 30, లేదా షుగర్, బీపీ, నిద్రలో శ్వాస ఆగడం లాంటి సమస్యలుంటే 27 దాటినవాళ్లకు ఈ మందులు రాస్తారు. బరువును ఎత్తు మీటర్ల వర్గంతో భాగిస్తే బీఎంఐ వస్తుంది: 160 సెంటీమీటర్ల ఎత్తు, 82 కిలోలుంటే 82ని 2.56తో భాగించండి, 32. ఐదారు కిలోలు తగ్గాలనుకునేవాళ్ల మందు కాదిది.

థైరాయిడ్ గురించి ఒక భయం తిరుగుతోంది. హైపోథైరాయిడ్‌కు రోజూ పొద్దున్నే మాత్ర వేసుకునేవాళ్లు ఈ ఇంజెక్షన్ వాడకూడదేమోనని వెనకాడుతున్నారు. వాడకూడనిది మెడుల్లరీ అనే అరుదైన రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ రక్తసంబంధీకులకు గానీ ఉన్నవాళ్లు, మెన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్లు. మామూలు హైపోథైరాయిడ్ అడ్డు కాదు. బరువు తగ్గేకొద్దీ మాత్ర మోతాదు మారొచ్చు, థైరాయిడ్ రక్తపరీక్ష (టీఎస్‌హెచ్) మళ్లీ చేయించుకుంటే చాలు.

గతంలో పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చినా, గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నా, పొట్ట సరిగా ఖాళీ కాని జబ్బున్నా డాక్టరుకు ముందే చెప్పండి. షుగరుకు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే వాటి మోతాదు తగ్గించాల్సి రావచ్చు, లేకపోతే షుగర్ పడిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందు కంటి వెనక రెటీనా పరీక్ష చేయించుకోవాలి. షుగర్ వేగంగా దిగినప్పుడు అప్పటికే దెబ్బతిన్న రెటీనా ఇంకా పాడయ్యే ప్రమాదం ఉంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), కాలేయ పరీక్షలు మొదటే ఉంటే తర్వాత పోల్చుకోవచ్చు.

గర్భం కోరుకునేవాళ్లు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే, టిర్జెపటైడ్‌ను కనీసం నెల ముందే ఆపాలి. పీసీఓడీ వల్ల నెలసరి గాడి తప్పినవాళ్లకు బరువు తగ్గగానే అండాలు మళ్లీ విడుదల కావచ్చు, అనుకోకుండా గర్భం రావచ్చు. గర్భనిరోధక మాత్రలు టిర్జెపటైడ్‌తో సరిగా పనిచేయకపోవచ్చు. మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు కండోమ్ కూడా వాడాలి.

మోతాదు మెట్లు

సెమాగ్లుటైడ్ 0.25 ఎంజీతో మొదలై 0.5, 1, 1.7, 2.4కు వెళ్తుంది, ఒక్కో మెట్టు మీద నాలుగు వారాలు. టిర్జెపటైడ్ 2.5తో మొదలై నాలుగు వారాల తర్వాత 5. అక్కడి నుంచి అవసరమైతేనే, కనీసం నాలుగు వారాలకోసారి, 2.5 చొప్పున పెంచుతూ 15 దాకా. మొదటి మెట్టు బరువు తగ్గించడానికి కాదు, కడుపును అలవాటు చేయడానికి. మొదటి నెల తూకంలో తేడా లేదని తొందరపడి పెంచుకున్నవాళ్లే వాంతులతో ఆసుపత్రికి వస్తారు. ఒక మోతాదులోనే బాగా తగ్గుతుంటే అక్కడే ఉండిపోవచ్చు, పై మెట్టు ఎక్కి తీరాలన్న నియమం లేదు.

మందు నింపి వచ్చే ఇంజెక్షన్ పెన్ను అయితే ప్రతిసారీ కొత్త సూది. పెన్నుతో వచ్చిన కాగితంలో చెప్పినట్టు ముందు చుక్క వస్తోందో లేదో చూసుకోండి. బొడ్డుకు రెండు అంగుళాల అవతల పొట్ట మీద గానీ తొడ మీద గానీ గుచ్చి, బటన్ పూర్తిగా నొక్కి, నెమ్మదిగా ఆరు లెక్కపెట్టాక సూది తీయండి. వారం వారం చోటు మార్చండి. మౌంజారో క్విక్‌పెన్ అనే పెన్నులో నాలుగు డోసులయ్యాక కూడా కొంచెం మందు కనిపిస్తుంది. దాన్ని సిరంజితో లాగి ఐదో డోసుగా వాడడం ప్రమాదం: మోతాదు తెలియదు, సూక్ష్మక్రిములు చేరతాయి.

వయల్ కొనేవాళ్లు సిరంజి దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. మౌంజారో ఒక్క డోసు వయల్‌లో వేసుకోవాల్సింది అర ఎంఎల్. మన షాపుల్లో రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు దొరుకుతాయి. నారింజ మూత ఉన్న యూ-100 మీద అర ఎంఎల్ అంటే 50 గీత. ఎర్ర మూత ఉన్న యూ-40 మీద అదే మందు 20 గీత. ఎవరో ‘ఇరవై యూనిట్లు’ అన్నారని యూ-100లో 20 దాకా లాగితే సగం డోసు కూడా పడదు. పైగా ఒక్కో కంపెనీ వయల్‌లో మందు చిక్కదనం వేరు. అందుకే యూనిట్లలో చెప్పించుకోకండి. ఎన్ని ఎంజీ, ఎన్ని ఎంఎల్, ఏ సిరంజి అన్న మూడూ చీటీ మీద రాయించుకోండి.

తెరవని మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్ అరకు ఆనించి పెట్టకూడదు. గడ్డకట్టిందంటే పారేయడమే. ఎండాకాలంలో కారులో వదిలేసినా అంతే. కూల్‌బ్యాగ్‌లో, మంచుగడ్డకు నేరుగా తగలకుండా తీసుకెళ్లండి. చల్లదనం లేకుండా కొరియర్‌లో వచ్చినది, బిల్లూ బ్యాచ్ నంబరూ లేనిది తీసుకోవద్దు.

డోసు మరిచిపోతే, సెమాగ్లుటైడ్ ఐదు రోజుల్లోపు, టిర్జెపటైడ్ నాలుగు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోండి. దాటితే ఆ వారం వదిలేయండి. రెండు మూడు వారాలు వరసగా తప్పితే పాత మోతాదుకే తిరిగి వెళ్లకుండా డాక్టరును అడగండి, కింది మెట్టు నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు.

కంచంలో ఏముండాలి

తగ్గే బరువంతా కొవ్వు కాదు, అందులో కండ కూడా ఉంటుంది. ఆకలి లేదని రెండు ఇడ్లీలు, పెరుగన్నంతో రోజు గడిపేస్తే కండ మరింత పోతుంది, మెట్లెక్కితే కాళ్లు వణుకుతాయి, జుట్టు రాలుతుంది. చేరాలనుకున్న బరువుకు కిలోకు 1.2 గ్రాముల ప్రోటీన్ చొప్పున లెక్క పెట్టుకోండి. 60 కిలోలైతే 72 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క డాక్టరే చెప్పాలి. గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల వండిన చికెన్‌లో 25 పైనే, 30 గ్రాముల పొడి మీల్‌మేకర్‌లో 15, వంద గ్రాముల పనీర్‌లో 18 ఉంటాయి. భోజనంలో ముందు పప్పు, చేప, కూర తినండి, అన్నం చివర్న. మొదట అన్నం కలుపుకుంటే నాలుగు ముద్దలకే కడుపు నిండి పప్పు మిగిలిపోతుంది. వారంలో రెండు మూడు రోజులు బరువులెత్తడమో, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడమో చేయాలి. నడక మంచిదే కానీ కండను నిలబెట్టడానికి అదొక్కటే చాలదు.

వికారం, మలబద్ధకం, కుళ్లిన గుడ్డు వాసన తేన్పులు ఎక్కువగా మోతాదు పెంచిన వారాల్లోనే వస్తాయి. ఆ వారాల్లో బిర్యానీ, గారెలు, బూరెలు పక్కన పెట్టండి. నూనె పదార్థం పొట్టలో గంటల తరబడి ఉండిపోతుంది. పెళ్లి భోజనం ఉందనుకుంటే ఆ వారం మోతాదు పెంచకండి. రోజుకు రెండు లీటర్ల నీళ్లు కొంచెం కొంచెంగా తాగండి. కార్తీక ఉపవాసాలు, రంజాన్ రోజాలు ఉండేవాళ్లు, ముఖ్యంగా షుగర్ మాత్రలు వాడేవాళ్లు, ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

పై కడుపులో తగ్గని నొప్పి వీపులోకి పాకినా, కళ్లు పచ్చబడినా, చూపు అకస్మాత్తుగా మసకబారినా, రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా తర్వాతి సూది వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఏ ఆపరేషన్‌కైనా, ఎండోస్కోపీకైనా ముందు ఈ మందు వాడుతున్నట్టు మత్తు డాక్టరుకు చెప్పి తీరాలి. పరగడుపున వెళ్లినా పొట్టలో తిండి మిగిలి ఉండొచ్చు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

బరువును వారానికొకసారి, ఒకే రోజు, పొద్దున్నే చూసి రాసుకోండి. నడుము కొలత నెలకోసారి. మీరు తట్టుకోగల పెద్ద మోతాదులో ఆరు నెలలు గడిచినా మొదటి బరువులో 5 శాతం కూడా తగ్గకపోతే, కొనసాగించాలా, మందు మార్చాలా అన్నది ఆ కాగితం ముందు పెట్టుకుని డాక్టరుతో తేల్చుకోండి.