చదరంగం ముగింపు ఆట – ఆరో పాఠం: చూడకుండానే పక్కన పెట్టే ఎత్తులు

ముందు పోయిన పాఠం లెక్క తేల్చుకుందాం. తెల్లరాజు హెచ్8లో (అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డవరుసకు), తెల్లబంటు సి6లో. నల్లరాజు ఎ6లో, నల్లబంటు హెచ్5లో. ఎత్తు తెల్లది. డ్రా చేస్తే చాలన్నాను. రిచర్డ్ రేటీ 1921లో కట్టిన స్థానమిది. మా పిల్లల్లో ఎక్కువమంది "నల్లబంటును రాజు అందుకోలేడు, తన బంటును కాపాడుకోలేడు, ఇంకేముంది సార్" అని వదిలేశారు. జవాబు ఇది: రాజు జి7, ఎఫ్6, ఇ5 మీదుగా ఏటవాలుగా దిగుతాడు. ఇ5కి చేరేసరికి ఒక్క అడుగు రెండు పనులు చేస్తుంది. నల్లరాజు సి6 బంటును కొడితే మనం ఎఫ్4కి పోయి హెచ్ బంటును పట్టేస్తాం. నల్లబంటు ముందుకు పరుగెత్తితే మనం డి6కి పోయి మన బంటును నడిపిస్తాం. ఇక్కడ తెల్లకు ఉన్నవి మొత్తం నాలుగే ఎత్తులు: రాజుకు మూడు, బంటుకు ఒకటి. నాలుగే ఉన్నప్పుడు నాలుగూ చూడకుండా ఎందుకు వదిలేశాం? ఈ వారం పాఠమంతా ఆ ప్రశ్న గురించే.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. నెల్లూరులో ఆదివారం పొద్దున మా మిద్దె మీద చెప్పే పాఠాలివి, రాలేనివాళ్ల కోసం రాస్తున్నాను. బోర్డు ముందు పెట్టుకుని చదవండి. పావుల పేర్లు మా తాత చెప్పినట్టే రాస్తాను: మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు. క్వీన్, రూక్, బిషప్ అని అలవాటైనవాళ్లు ఆ వరుసలోనే మార్చుకోండి.

ఇప్పుడొక కథ. 1977లో టొరంటోలో కంప్యూటర్ల ప్రపంచ చదరంగం పోటీ జరిగింది. రష్యావాళ్ల ప్రోగ్రాం కైస్సా అంతకు మూడేళ్ల ముందు, 1974లో, స్టాక్‌హోమ్‌లో మొదటి విజేత. దానికి ఎదురు అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ ప్రోగ్రాం డచెస్. 34వ ఎత్తులో డచెస్ మంత్రి ఎ8 నుంచి చెక్ పెట్టింది. నల్లరాజు జి8లో ఉన్నాడు, పక్కన జి7 గడి ఖాళీ. పసిపిల్లవాడైనా రాజును జి7కి జరుపుతాడు. కైస్సా జరపలేదు. ఏనుగును ఇ8లో అడ్డం పెట్టింది. మంత్రి దాన్ని ఊరికే కొట్టేసింది. ఒక ఏనుగు గాల్లో కలిసిపోయింది, ఆట ఓడింది.

చూసేవాళ్లలో మాజీ ప్రపంచ విజేత మిఖాయిల్ బొత్విన్నిక్ కూడా ఉన్నాడు. అందరూ ప్రోగ్రాంలో ఏదో తప్పు దొర్లిందనే అనుకున్నారు. ఆట అయ్యాక రాజును జి7కి జరిపి, తర్వాత ఏమవుతుందని యంత్రాన్నే అడిగితే అప్పుడు బయటపడింది. రాజు జి7కి పోతే తెల్లమంత్రి ఎఫ్8కి దూకి తనను తాను బలి ఇస్తుంది. రాజు దాన్ని కొడతాడు. శకటు హెచ్6 నుంచి చెక్. ఆపైన ఏనుగు సి8కి వస్తుంది, నల్ల అడ్డం పెట్టేవన్నీ ఒక్కొక్కటే రాలిపోయి ఆటకట్టు. కైస్సా దీన్ని ముందే చూసింది. ఆటకట్టు కన్నా ఏనుగు పోవడం మేలని లెక్క వేసుకుంది.

ఈ కథ పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ప్రపంచ విజేతకు సైతం ఆ ఎత్తు కనపడలేదంటే చూపు తక్కువై కాదు. మంత్రిని ఒట్టిపుణ్యానికి ఇవ్వడమనేది మనసు తలుపు దగ్గరే ఆపేసే ఆలోచన. యంత్రానికి ఆ తలుపు లేదు. ఉన్న ఎత్తులన్నీ వరుసగా వేసి చూస్తుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. మనిషైతే జి7కే పోయేవాడు, ఎదుటివాడికి ఎఫ్8 కనపడదులే అన్న ఆశతో. ఎదుటివాడికి కనపడకపోవచ్చు అన్న ఊహ కైస్సాకు లేదు, కాబట్టి ఓడే ఆటలో అదొక్క ఆశ కూడా వదులుకుంది. మీరు యంత్రం దగ్గర నేర్చుకోవాల్సింది లెక్క మాత్రమే. ఓడే ఆటలో ఎదుటివాడికి కష్టమైన ప్రశ్న వేయడం మనిషి దగ్గరే నేర్చుకోవాలి.

నడిమి ఆటలో ఒక్కోసారి 30, 40 ఎత్తులుంటాయి, అన్నీ చూడటం మనవల్ల కాదు. ముగింపు ఆటలో అట్లా కాదు. పావులు తక్కువ, ఎత్తులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందుకే మా దగ్గర ఒక నియమం పెట్టాను. ముగింపు ఆటలో కీలకమైన చోట చెయ్యి పావు మీదికి పోకముందే, ఉన్న ఎత్తులు మొత్తం ఎన్నో అంకె చెప్పాలి. మంచివి ఎన్ని అని కాదు, మొత్తం ఎన్ని. ఇంట్లో సాధన చేసేటప్పుడు నోటుబుక్కులో రాయాలి కూడా.

దీనికి నాకు తెలిసినంతలో సావెద్రా స్థానాన్ని మించింది లేదు. గ్లాస్గోలో ఉన్న స్పానిష్ మతగురువు ఫెర్నాండో సావెద్రా 1895లో కనిపెట్టిన ఎత్తు ఇది. అప్పటికి అచ్చులో అది డ్రా అని వచ్చింది. పేర్చండి: తెల్లరాజు బి6, తెల్లబంటు సి6. నల్లరాజు ఎ1, నల్ల ఏనుగు డి5. ఎత్తు తెల్లది.

బంటు సి7కి పోతుంది. ఏనుగు డి6 నుంచి చెక్. రాజు బి5కి దిగుతాడు (బి7కి పోతే ఏనుగు డి7కి వచ్చి బంటును రాజుకు కట్టేస్తుంది). డి5 నుంచి చెక్, రాజు బి4. డి4 నుంచి చెక్, రాజు బి3. డి3 నుంచి చెక్, రాజు సి2. ఇప్పుడు ఏనుగుకు మంచి చెక్ లేదు, మనం గెలిచాం అనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే నల్ల ఏనుగు డి4కి పోతుంది. ఆగండి. తెల్లకు ఎన్ని ఎత్తులున్నాయి?

ఏడు. రాజు సి1, సి3, బి3. బంటు సి8కి పోయి మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం కావచ్చు. నాలుగింటినీ నాలుగు ఎత్తులుగానే లెక్కపెట్టాలి, అదే ఇందులో కిటుకు.

కావలి నుంచి రైల్లో వచ్చే ఒక పాప నాలుగే రాసింది: రాజువి మూడు, నాలుగోది "బంటు మంత్రి" అని. "ఏనుగూ, శకటూ, గుర్రమూ ఏవమ్మా?" అంటే, "అదెట్టా సార్, మంత్రి వస్తా ఉంటే ఏనుగెవరు తీసుకుంటారు?" అంది. సరే మంత్రినే చేద్దాం పద అన్నాను. నల్ల ఏనుగు సి4కి వచ్చి చెక్ పెట్టింది. మంత్రి దాన్ని కొట్టింది. ఎ1లో ఉన్న నల్లరాజును కదపమన్నాను. ఎ2ను మంత్రి చూస్తోంది, బి1నూ బి2నూ రాజు చూస్తున్నాడు. చెక్ లేదు, ఎత్తూ లేదు. డ్రా.

ఆ పాప మొహం చూసి నాకు మా ఊరి పులిజూదం గుర్తొచ్చింది. గుడి అరుగు మీద చెక్కిన గీతల్లో చిన్నప్పుడు ఆడేవాళ్లం. అక్కడ పులి కదల్లేకపోతే మేకలు గెలిచినట్టే. ఆ ఆట పెద్దల దగ్గర నేర్చుకుని వచ్చిన పిల్లలకు, కదల్లేని రాజు ఆటను దక్కించుకుంటాడన్న చదరంగం న్యాయం మింగుడుపడదు. కానీ మనం గెలుస్తున్నప్పుడు ఎదుటివాడికి మిగిలే ఒకే ఒక్క ఆశ అదే. కాబట్టి ఒంటరి రాజు మూలకు చేరినప్పుడల్లా, వాడికి ఇంకా ఒక గడైనా ఉందా అని అడగకుండా ఎత్తు వేయకండి.

ఇప్పుడు ఏనుగు చేసుకోండి. సి4 నుంచి చెక్ పెట్టినా మన ఏనుగు కొట్టేస్తుంది, నల్లరాజుకు ఎ2 మిగిలే ఉంటుంది, డ్రా కాదు. మరోపక్క మన ఏనుగు ఎ8కి పోయి చంపుతానని బెదిరిస్తోంది. నల్ల దాన్ని ఆపాలంటే ఏనుగు ఎ4కి రావాలి. అప్పుడు రాజు బి3. ఎ4లో ఏనుగును కొడతానంటున్నాడు, సి1లో ఏనుగుతో ఆటకట్టు అంటున్నాడు. రెండింటినీ ఆపే ఎత్తు లేదు. మిగతా ఎత్తులూ వేసి చూడండి: రాజు సి1కి పోతే సి4 నుంచి చెక్ పడి బంటే పోతుంది, గెలవాల్సిన ఆట ఓడిపోతాం. సి3, బి3 ఏమవుతాయో మీరే తేల్చండి.

మరి యంత్రం అన్నీ చూస్తుందంటే దానికి తప్పే జరగదా? జరుగుతుంది. లోతుకు పోవాలంటే అదీ కొన్నిటిని పక్కన పెట్టాల్సిందే. మైపాడు తీరాన నిలబడితే నీళ్లూ ఆకాశమూ కలిసే గీత అవతల పడవలు లేనట్టే అనిపిస్తుంది. ప్రోగ్రాం లెక్క ఆగిన చోటు కూడా అట్లాంటి గీతే. పోయే పావును ఒకటి రెండు చెక్‌లతో ఆ గీత అవతలికి నెట్టి, కాపాడుకున్నాననుకుంటుంది. హన్స్ బెర్లినర్ 1970లలో దీనికి హొరైజన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు.

అంతకన్నా ఆసక్తికరమైనది ఇంకొకటుంది. వేగం కోసం ప్రోగ్రాంలు ఒక చిట్కా వాడతాయి: "ఈ ఎత్తు నేను వేయకుండా ఊరుకున్నా కూడా నా స్థితి బాగుంటే, ఇక ఇటు లోతుగా చూడక్కర్లేదు." దీన్ని నల్ మూవ్ అంటారు. నడిమి ఆటలో చక్కగా పనిచేస్తుంది. ముగింపు ఆటలో కొంప ముంచుతుంది, ఎందుకంటే అక్కడ ఊరుకోవడమే అన్నిటికన్నా మంచి ఎత్తు అయ్యే స్థానాలుంటాయి, ఊరుకునే హక్కేమో లేదు. జర్మన్‌లో జుగ్‌జ్వాంగ్ అంటారు. కదలక తప్పదు, కదిలితే పోతాం.

బోర్డు ఖాళీ చేసి పెట్టండి: తెల్లరాజు డి5, తెల్లబంటు ఇ4. నల్లరాజు ఎఫ్4, నల్లబంటు ఇ5. ఎత్తు తెల్లదైతే లెక్కపెట్టండి: సి4, సి5, సి6, డి6, ఇ6. అయిదు. అయిదింటిలో దేనికి పోయినా ఇ4 బంటు కాపలా పోతుంది, నల్లరాజు దాన్ని కొడతాడు, తన బంటును నడిపించుకుంటాడు. ఎత్తు నల్లదైతే అచ్చం ఇదే గతి నల్లకు. ఇక్కడ గెలిచేది ఎవరి పావులు బాగున్నాయో వాళ్లు కాదు, ఎత్తు ఎవరిది కాదో వాళ్లు. ఇందువల్లే మంచి ప్రోగ్రాంలు బంట్లు, రాజులే మిగిలిన స్థానాల్లో ఆ చిట్కాను ఆపేస్తాయి. మీరు చేయాల్సింది: బంట్లు ఒకదానికొకటి అడ్డుపడ్డ చోట, ఇప్పుడు ఎదుటివాడి ఎత్తయితే వాడేం చేస్తాడు అని అడగడం.

ముగింపు ఆటను అసలు చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టి పట్టికలు కట్టిన తొలివాళ్లలో ఒకడు, యూనిక్స్ రాసిన కెన్ థాంప్సన్. ఆటకట్టు స్థానాల దగ్గర మొదలుపెట్టి, దానికి ఒక ఎత్తు ముందు, రెండెత్తుల ముందు అని వెనక్కి నడిచాడు. అందులో వదిలేసిన ఎత్తంటూ ఉండదు. మంత్రి ఒక పక్క, ఏనుగు ఒక పక్క ఉన్న ముగింపు ఆటలో మంత్రికి గెలుపున్న ఏ స్థానంలోనైనా 31 ఎత్తుల్లోపే ఏనుగును పట్టడమో ఆటకట్టు చేయడమో కుదురుతుందని తేలింది. 1970ల చివర్లో ఆ పట్టికతో ఏనుగు పక్షాన యంత్రాన్ని కూర్చోబెట్టి, మంత్రితో గెలవమని అమెరికా విజేత వాల్టర్ బ్రౌన్‌ను పిలిచారు. మొదటిసారి 50 ఎత్తుల్లో గెలవలేకపోయాడు. ఇంటికి పోయి చదువుకుని వచ్చి, రెండోసారి సరిగ్గా 50వ ఎత్తులో ఏనుగును పట్టాడు. యంత్రం కాచుకున్న తీరు అతన్ని తికమకపెట్టింది. పుస్తకాలు ఏనుగును రాజు పక్కనే ఉంచమంటాయి. అది మాత్రం రాజును వదిలేసి ఏనుగును దూరంగా పంపింది.

1983లో థాంప్సన్ ఇంకో లెక్క తేల్చాడు. ఒక పక్క రెండు శకట్లు, ఇంకో పక్క ఒక గుర్రం ఉన్న ముగింపు డ్రా అని 1851 నుంచి పండితులు నమ్ముతూ వచ్చారు. అది గెలుపే, కొన్నిచోట్ల 66 ఎత్తులు పడుతుంది. తర్వాత 2012లో మాస్కో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్ మీద రాజులతో కలిపి ఏడు పావుల పట్టికలు పూర్తయ్యాయి. అందులో ఒక స్థానానికి ఆటకట్టు 549 ఎత్తుల దూరంలో ఉంది. ఈనాటి ఇంజిన్ల (చదరంగం ఆడే ప్రోగ్రాంల) పోటీలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ముగింపులో ఒక ఇంజిన్ ఉన్నట్టుండి పావును ఇచ్చేస్తే రెండిట్లో ఒకటి: ఆటకట్టును వెనక్కి నెడుతోంది, లేదా పట్టికలో గెలుపని రాసున్న చోటికి తోసుకుపోతోంది. ఏదో తేల్చకుండా తర్వాతి ఎత్తు చూడకండి.

ఇంటిపని ఒక్కటే ఇస్తున్నాను, వారమంతా సరిపోతుంది. 1998లో లినారెస్‌లో తొపలోవ్, షిరోవ్ ఆడిన ఆటలోది. తెల్ల: రాజు జి1, శకటు సి3, బంట్లు జి2, హెచ్4. నల్ల: రాజు ఇ6, శకటు ఎఫ్5, బంట్లు ఎ4, డి5, ఎఫ్6, జి6. ఎత్తు నల్లది, షిరోవ్‌ది. శకట్లు వేర్వేరు రంగు గడుల్లో ఉన్నాయి కాబట్టి రెండు బంట్లు ఎక్కువున్నా డ్రా అనిపిస్తుంది. షిరోవ్ గెలిచాడు. ఆనాటి ప్రోగ్రాంలు ఆ ఎత్తును ఎంచుకోలేకపోయాయి. ఈసారి పక్కన పెట్టేసింది యంత్రం, చూసింది మనిషి.

నల్లకు మొత్తం పదమూడు ఎత్తులున్నాయి. శకటుకు ఆరు, రాజుకు నాలుగు, బంట్లకు మూడు. పదమూడూ రాయండి, ఒక్కోదాని పక్కన తెల్ల జవాబు రాయండి. ఫోనులో ఇంజిన్ ఆదివారం దాకా తెరవొద్దు. నల్లరాజు ఇ4కి చేరాలని చూస్తున్నాడు, తెల్లరాజు ఇ3కి వచ్చి అడ్డుకోవాలని చూస్తున్నాడు. ఎవరు ఒక్క అడుగు ముందుంటారన్నదే లెక్క. అది చూశాక, ఎఫ్5లో ఉన్న శకటు ఎవరి దారికి అడ్డంగా కూర్చుందో చూడండి.