మన వీపీఎన్ మనమే – 3వ పాఠం: సర్వర్‌కు కదలని చిరునామా

పోయిన పాఠంలో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్)లో ఒక ఈసీ2 మెషీన్ అద్దెకు తీసుకుని, దాని మీద హెడ్‌స్కేల్ (టెయిల్‌స్కేల్ వీపీఎన్ యాప్‌లను కలిపే సర్వర్‌ను మనమే నడుపుకునే సాఫ్ట్‌వేర్) పెట్టి, ఫోన్‌నూ ఇంట్లో ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌నూ కలిపాం. ఆ తర్వాత చాలామంది ఖర్చు కలిసొస్తుందని రాత్రికి ఆ మెషీన్‌ను స్టాప్ చేసి పడుకున్నారు. విచిత్రంగా, స్టాప్ చేశాక కూడా ఫోన్‌లోంచి ఇంటి రాస్ప్‌బెర్రీ పై ఓపెన్ అవుతూనే ఉంది. "సర్వర్ లేకపోయినా నడుస్తోందే, ఇక సర్వర్ దేనికి?" అనుకున్నారు. పొద్దున మెషీన్ స్టార్ట్ చేసి కొత్తగా లాప్‌టాప్ కలపబోతే టైమవుట్. ఈసారి చెప్పాల్సిన యాక్సెస్ రూల్స్‌ను అందుకే పక్కన పెడుతున్నాను.

రాత్రి ఎందుకు నడిచిందో ముందు చూద్దాం. హెడ్‌స్కేల్ పని పెళ్లిళ్ల పేరయ్య పని. ఒక డివైస్ పబ్లిక్ కీ, అది దొరికే అడ్రస్ రెండో డివైస్‌కి చెప్తుంది, అంతే. ఆ తర్వాత మాటలు వాటి మధ్యే, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోటోకాల్ మీద నేరుగా నడుస్తాయి. నేరుగా దారి కుదరకపోతే డెర్ప్ రిలేల (మధ్యలో డేటాను అందించే సర్వర్ల) గుండా వెళ్తాయి. మనం వేరే ఏమీ పెట్టుకోకపోతే హెడ్‌స్కేల్ వాడేది టెయిల్‌స్కేల్ కంపెనీ నడిపే రిలేలనే, వాటిలో ఒకటి బెంగళూరులో ఉంది. డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి రిలేకి లోపలిది కనపడదు. కాబట్టి సర్వర్ ఆగినా పాత పరిచయాలు కొంతకాలం నడుస్తాయి. కొత్త డివైస్ వచ్చినప్పుడో, ఇంటి ఐపీ మారినప్పుడో సర్వర్ లేని లోటు బయటపడుతుంది.

పొద్దున ఏమైందంటే, ఈసీ2 మెషీన్‌ను స్టాప్ చేయగానే దాని పబ్లిక్ ఐపీ అమెజాన్‌కు తిరిగి వెళ్లిపోతుంది. స్టార్ట్ చేస్తే వచ్చేది వేరే ఐపీ. మీ డొమైన్ మాత్రం ఇంకా పాతదాన్నే చూపిస్తోంది. రీబూట్ చేస్తే ఐపీ మారదు, స్టాప్ చేస్తేనే మారుతుంది. మందు ఎలాస్టిక్ ఐపీ, అంటే మనం వదిలేదాకా మారని పబ్లిక్ ఐపీ. ఒకటి తీసుకుని మెషీన్‌కు తగిలించండి, డొమైన్ 'A' రికార్డ్‌ను (పేరు ఏ ఐపీకి వెళ్లాలో చెప్పేది) దానికి మార్చండి. 2024 ఫిబ్రవరి నుంచి ఏడబ్ల్యూఎస్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కూ గంటకు 0.005 డాలర్లు తీసుకుంటోంది, అంటే నెలకు మూడున్నర డాలర్ల పైచిలుకు. మెషీన్ ఆపినా ఎలాస్టిక్ ఐపీ మీటర్ ఆగదు. అందుకే నా సలహా, మెషీన్‌ను ఆపొద్దు. ఇంటి అవసరానికి టీ3 మైక్రో అనే చిన్న సైజు మెషీన్ చాలు.

హైదరాబాద్ రీజియన్ జాబితాలో కనపడటం లేదని అడిగినవాళ్లకు: 2022 నవంబర్‌లో మొదలైన ఆ రీజియన్‌ను ఖాతాలో మనమే ఆన్ చేసుకోవాలి. ముంబై అయినా పర్వాలేదు. డేటా ఈ సర్వర్ గుండా వెళ్లదు కాబట్టి స్పీడ్‌లో తేడా తెలియదు.

హెడ్‌స్కేల్ కాన్ఫిగ్ ఫైల్‌లో సర్వర్ యూఆర్ఎల్ దగ్గర ఐపీ రాసుకున్నవాళ్లు ఇప్పుడే డొమైన్‌కు మార్చండి. ప్రతి డివైస్ తన లాగిన్ సర్వర్‌గా ఆ పేరునే గుర్తుపెట్టుకుంటుంది. ఐపీ రాస్తే, అది మారిన రోజున అన్ని డివైస్‌లనూ మళ్లీ లాగిన్ చేయించాలి, ఊళ్లో అమ్మ ఫోన్‌తో సహా. బేస్ డొమైన్ (మన డివైస్‌ల పేర్ల చివర వచ్చేది) మాత్రం వేరే పేరు కావాలి. సర్వర్ హెచ్ఎస్.ఉదాహరణ.కామ్ అయితే బేస్ డొమైన్ నెట్.ఉదాహరణ.కామ్ అనుకోండి. ఉత్త ఉదాహరణ.కామ్ ఇస్తే సర్వర్ పేరు కూడా మ్యాజిక్ డీఎన్ఎస్ (డివైస్‌లను పేర్లతో వెతికిపెట్టేది) కిందికే వస్తుంది కాబట్టి హెడ్‌స్కేల్ ఒప్పుకోదు.

ఇక నాకు చిరాకు తెప్పించే విషయం. దీనికి కాస్త ఎక్కువ చోటే ఇస్తాను.

డొమైన్ డీఎన్ఎస్ క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉంటే 'A' రికార్డ్ పక్కన మబ్బు బొమ్మ ఉంటుంది. అది నారింజ రంగులో ఉంటే ట్రాఫిక్ క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ గుండా వెళ్తుంది, హెడ్‌స్కేల్ పని చేయదు. బూడిద రంగులోకి మార్చండి. "బ్రౌజర్‌లో హెల్త్ పేజీ వస్తోంది, సర్టిఫికెట్ కూడా బాగుంది, కాబట్టి మబ్బు తప్పు కాదు" అంటారు. ఈ తర్కమే మనిషిని రెండు గంటలు తిప్పుతుంది. బ్రౌజర్ పంపేది మామూలు గెట్ రిక్వెస్ట్. టెయిల్‌స్కేల్ క్లయింట్ అలా చేయదు. టీఎస్2021 అనే దారికి పోస్ట్ రిక్వెస్ట్ పంపి, అందులో అప్‌గ్రేడ్ హెడర్ పెట్టి, ఇక్కడి నుంచి హెచ్‌టీటీపీ వదిలేసి నాయిస్ ప్రోటోకాల్‌లో మాట్లాడదాం అంటుంది. క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ పోస్ట్‌తో వచ్చే ఇలాంటి అప్‌గ్రేడ్‌ను దాటనివ్వదు. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్‌దీ ఇదే కథ. సర్వర్ లాగ్ చూసినా కారణం తేలకపోవచ్చు. క్లయింట్‌లో 'టెయిల్‌స్కేల్ అప్' కమాండ్ కొడితే కర్సర్ అలా మెరుస్తూ ఉంటుంది. ఫైర్‌వాల్ తీసేయడం, సర్టిఫికెట్ మళ్లీ తెచ్చుకోవడం, హెడ్‌స్కేల్ వెర్షన్ తగ్గించడం, ఇవేవీ చేయొద్దు. ముందు మబ్బు రంగు చూడండి.

హెడ్‌స్కేల్ ముందు రివర్స్ ప్రాక్సీగా (బయటి రిక్వెస్ట్‌లు అందుకుని లోపలికి పంపేదిగా) ఎన్‌జిన్‌ఎక్స్ వాడేవాళ్లకూ ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లను మనమే ముందుకు పంపించాలి, ప్రాక్సీ హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1 అని రాయాలి. నేను దాని బదులు క్యాడీ వాడతాను. డొమైన్ పేరు, కింద రివర్స్ ప్రాక్సీ అని 127.0.0.1:8080, అంతే పని. సర్టిఫికెట్ కూడా అదే తెచ్చుకుంటుంది. హెడ్‌స్కేల్ కోసం సెక్యూరిటీ గ్రూప్ (ఏడబ్ల్యూఎస్ ఫైర్‌వాల్)లో 80, 443 పోర్టులు చాలు. 8080 బయటికి తెరవొద్దు.

డేటాబేస్‌కు పోస్ట్‌గ్రెస్ వద్దు, ఎస్‌క్యూలైట్ ఉంచండి. హెడ్‌స్కేల్ వాళ్లు చెప్పేదీ అదే. డాకర్ బదులు డెబ్ ప్యాకేజీ వాడటం నాకిష్టం.

ఇప్పుడు అభ్యాసం. కాస్త కష్టమే, ఆదివారం పెట్టుకోండి. అదే రీజియన్‌లో రెండో మెషీన్ తీసుకుని, అదే వెర్షన్ హెడ్‌స్కేల్, క్యాడీ పెట్టి ఆ రెండు సర్వీసులనూ ఆపి ఉంచండి. పాత మెషీన్‌లో హెడ్‌స్కేల్ సర్వీస్ ఆపాకే ఫైళ్లు కాపీ చేయండి. నడుస్తుండగా డేటాబేస్ ఫైల్ ఒక్కటే తెస్తే, పక్కనున్న వాల్ (WAL) ఫైల్‌లో మిగిలిన తాజా మార్పులు రాకపోవచ్చు. కాన్ఫిగ్ ఫైల్, క్యాడీఫైల్, డేటాబేస్, నాయిస్ ప్రైవేట్ కీ, ఈ నాలుగూ తెచ్చి వాటి స్థానాల్లో పెట్టండి. రూట్‌గా కాపీ చేస్తే ఫైళ్లు రూట్ పేరు మీదే ఉండిపోతాయి, సర్వీస్ పైకి లేవదు. డేటాబేస్‌నూ కీనీ హెడ్‌స్కేల్ యూజర్ పేరుకు మార్చండి.

ఆ తర్వాత ఎలాస్టిక్ ఐపీని కొత్త మెషీన్‌కు తగిలించి, అప్పుడే హెడ్‌స్కేల్‌నూ క్యాడీనీ స్టార్ట్ చేయండి. క్యాడీని ముందే స్టార్ట్ చేస్తే, సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ పాత మెషీన్ తలుపు తట్టి వెనక్కి పోతుంది. పదేపదే విఫలమైతే కొంతసేపు ఆపేస్తుంది కూడా.

ఫోన్, లాప్‌టాప్, రాస్ప్‌బెర్రీ పై, వేటినీ ముట్టుకోకుండా కాసేపు ఆగి, కొత్త మెషీన్‌లో హెడ్‌స్కేల్ నోడ్స్ లిస్ట్ కొట్టండి. పాతవన్నీ ఆన్‌లైన్ అని, పాత 100.64 అడ్రస్‌లతోనే కనపడాలి. ఏదైనా మళ్లీ లాగిన్ అడిగితే డేటాబేస్ సరిగ్గా రాలేదు. లాగిన్ కూడా అడగకుండా కనెక్షనే కుదరకపోతే ముందు నాయిస్ కీ చూడండి. అన్నీ సరిగ్గా ఉంటేనే పాత మెషీన్ తీసేయండి.