తుపాను రాకముందే ఇంటి కంచెను సరిచూసుకోవడం ఎలా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ దగ్గర మా ఇంటి కంచె ఒక వైపంతా ఒరిగిపోయింది. తెల్లారి వెళ్లి చూస్తే ఇనప స్తంభాలకు పైన పెయింటు మెరుస్తూనే ఉంది. నేల దగ్గర మాత్రం వేలితో నొక్కితే చాలు, తుప్పు పొరలు పొరలుగా రాలింది. అందుకే కంచె చూడటం కింది నుంచే మొదలుపెట్టండి.

మన కోస్తాకు తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ మే నెలలో వస్తాయి. పెయింటు పని ఫిబ్రవరి, మార్చిలో ముగించుకుని, సెప్టెంబరులో ఇంకోసారి చూసుకోవాలి.

ముందు మొదళ్లు. ప్రతి స్తంభం చుట్టూ జానెడు లోతు మట్టి తీయండి. తడీ గాలీ రెండూ తగిలే చోటు అది. తుప్పు, కుళ్లు, చెదలు అక్కడే మొదలవుతాయి. సరుగుడు కర్రయితే స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగిపోతే కర్ర మార్చాల్సిందే. పక్కన ఇంకో కర్ర కట్టి సరిపెడితే మొదటి గాలికే రెండూ పడతాయి. కొత్తది పాతేటప్పుడు మూడో వంతు నేలలో ఉండాలి: నాలుగడుగుల కంచెకు ఆరడుగుల కర్ర. ఇసుక నేలైతే ఇంకాస్త లోతుకు దించండి. చుట్టూ కాంక్రీటు వేస్తే అది నేలకన్నా రెండంగుళాలు ఎత్తుగా, బయటికి వాలుగా ఉండాలి. లేకపోతే స్తంభం మొదట్లోనే నీళ్లు నిలుస్తాయి.

తర్వాత తుప్పు. తుప్పు మీదే పెయింటు కొట్టించడం డబ్బు దండగ, లోపల ఇనుమును అది తింటూనే ఉంటుంది. వైర్ బ్రష్‌తో ఇనుము కనిపించేదాకా గీకి, పొడిగుడ్డతో తుడిచి, తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ ఒక పూత, అది ఆరాక ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేయండి. పొద్దుటి మంచు తడి ఆరాకే డబ్బా తెరవండి. సముద్రం దగ్గరి ఇళ్లవాళ్లు అప్పుడప్పుడూ జాలీని మంచినీళ్లతో కడిగితే ఉప్పు పోతుంది.

తుపాను హెచ్చరిక రాగానే కంచెకు కట్టిన గ్రీన్ నెట్, ఫ్లెక్సీలు, రేకులు విప్పేయండి. ఉత్త జాలీలోంచి గాలి దూసుకుపోతుంది. నెట్ ఉంటే అది తెరచాపలా ఉబ్బి స్తంభాలను పెకలిస్తుంది. దొండ, బచ్చలి పాదులు గుబురుగా ఉంటే కత్తిరించండి. కంచె మీదికి వాలిన మునగ కొమ్మను అస్సలు ఉంచొద్దు, ఆ చెట్టు పెళుసు.

గాలి తగ్గగానే కంచె పట్టుకోవద్దు. ఎక్కడో నాలుగిళ్ల అవతల కరెంటు తీగ తెగి పడినా, ఇనప జాలీ పొడవునా కరెంటు పాకుతుంది. దూరం నుంచే కంచె మొత్తం చూడండి. తీగ కనిపిస్తే కరెంటు ఆఫీసువాళ్ల నంబరు 1912కు ఫోన్ చేసి, లైను ఆపేశామని వాళ్లు చెప్పేదాకా పిల్లల్నీ పశువుల్నీ అటు పోనివ్వకండి.