రన్నింగ్ క్లబ్‌కు కొత్తగా కెప్టెన్ అయినవారికి

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది కాబట్టి, దానికి సిద్ధమయ్యేవారి శిక్షణ మండు వేసవిలోనే మొదలవుతుంది. ఆ సమయంలో కెప్టెన్ బాధ్యత తీసుకున్నవారికి పని నేర్చుకునే వ్యవధి చాలా తక్కువ. సాధారణంగా వేగంగా పరుగెత్తేవారినో, ఏళ్ల తరబడి క్రమం తప్పక వచ్చేవారినో ఇందుకు ఎంచుకుంటారు. అయితే ఈ బాధ్యతకు వేగంతో పని లేదు. అందరికంటే వెనుక వస్తున్న వ్యక్తి ఇప్పుడు ఎక్కడున్నారని అడిగితే తడుముకోకుండా చెప్పగలగడమే కెప్టెన్‌కు ఉండవలసిన మొదటి అర్హత. అందుకే మీరు జట్టును నడిపించే రోజున మీ సొంత లాంగ్ రన్ (శిక్షణలో భాగమైన దూరపు పరుగు) పెట్టుకోకండి, దాన్ని మరో రోజుకు మార్చుకోండి.

దారి ఎంపికతో పని మొదలుపెట్టండి. ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు పరుగు ఉందనుకుంటే, ముందు వారంలోనే ఒకరోజు అదే వేళకు ఆ దారి వెంట వెళ్లి చూసి రావాలి. ఏ వీధిదీపం వెలగడం లేదో, డ్రైనేజీ మూత ఎక్కడ ఊడిపోయిందో, ఏ మలుపులో కుక్కలు గుంపుగా పడుకుంటాయో, ఆ వేళకు ఏ పెట్రోల్ బంకులో టాయిలెట్ తెరిచి ఉంటుందో పగటిపూట వెళితే తెలియదు. దారిలో టాయిలెట్ దొరకకపోవడం వల్లనే కొందరు మహిళలు దూరపు పరుగులకు రావడం మానేస్తారని చాలామంది మగ కెప్టెన్లకు తోచదు. కొత్తవారు ఎక్కువగా ఉన్న రోజున హుస్సేన్‌సాగర్ చుట్టూ తిరిగి రావాలన్న ఉత్సాహాన్ని పక్కనపెట్టి, నెక్లెస్ రోడ్డు మీదే 2, 3 కిలోమీటర్ల మేర అటూ ఇటూ పరుగెత్తించడం మేలు. అలా చేస్తే అలసినవారు నీళ్లు పెట్టిన చోటనే ఆగిపోవచ్చు, మీకూ ప్రతి మనిషీ పలుమార్లు ఎదురుపడతారు.

బయలుదేరే ముందు అందరినీ ఒకచోట నిలబెట్టి లెక్కపెట్టండి. కొత్తగా వచ్చినవారిని పేరు, ఇంట్లోవారి ఫోన్ నంబరు అడిగి రాసుకోండి. గుండె జబ్బు, షుగర్, ఉబ్బసం వంటివి ఉన్నాయేమో పదిమందిలో కాకుండా పక్కకు పిలిచి అడగండి. ఆ తరువాత కిలోమీటరుకు 6, 7, 8 నిమిషాల చొప్పున జట్లను విడదీసి, ఒక్కో జట్టుకు ముందొకరిని, వెనుకొకరిని నియమించండి. వెనుక ఉండే మనిషి ఎట్టి పరిస్థితిలోనూ ఎవరినీ దాటి ముందుకు పోకూడదు. పరుగెత్తుతూ పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నవారు తమ స్థాయికి మించిన జట్టులో ఉన్నట్టే, కాబట్టి వారిని నెమ్మదైన జట్టులోకి మార్చండి. రోడ్డు మీద ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడివైపున, ఇద్దరికి మించి పక్కపక్కన లేకుండా వెళ్లాలి. ముగించాక మళ్లీ లెక్కపెట్టండి, ఒక్క తల తగ్గినా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసింది ఎండతో, ఉక్కపోతతో. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. ఎవరైనా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా పక్కన నడుస్తూ మనం ఎక్కడున్నామో అడగండి. జవాబు తికమకగా వస్తే దాన్ని వడదెబ్బగానే భావించి వెంటనే నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా చల్లని నీళ్లతో తడుపుతూ గాలి విసరండి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టండి, మరొకరి చేత 108కి ఫోన్ చేయించండి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు, స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. గంటల తరబడి పరుగెత్తేవారు దాహానికి మించి మంచినీళ్లు తాగితే రక్తంలో సోడియం తగ్గి ప్రాణం మీదకు రావచ్చు. కాబట్టి దాహం మేరకే తాగమని చెప్పండి, నీళ్లతోపాటు ఓఆర్‌ఎస్ కూడా ఉంచండి. గుండె ఆగిపోయినవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీని నొక్కే సీపీఆర్ పద్ధతిని మీతోపాటు జట్టు నాయకులందరూ శిక్షకుల దగ్గర నేర్చుకొని తీరాలి.

వాట్సాప్ గ్రూపులో సమయం, స్థలం, దూరం, జట్ల వేగం ఒకే సందేశంలో ముందురోజు సాయంత్రానికల్లా పెట్టండి. గ్రూపులో ఉన్న మహిళల నంబర్లకు ఎవరూ సొంత సందేశాలు పంపకూడదని, అడగకుండా ఎవరి ఫొటోలూ బయట పెట్టకూడదని మొదటిరోజే స్పష్టంగా చెప్పి, మీరినవారు ఎంత పాత సభ్యులైనా క్లబ్ నుంచి తప్పించండి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

మొదటి నెల పూర్తికాకముందే మీకు ఒక సహాయకుడినో సహాయకురాలినో వెతుక్కోండి. దారి చూసి రావడం, లెక్కపెట్టడం, జట్లను విడదీయడం ఒక్కొక్కటిగా వారికి అప్పగించి, ఒక ఆదివారం మీరు ఊళ్లోనే ఉండి కూడా పరుగు మొత్తాన్ని వారి చేత నడిపించండి, మీరు మాత్రం అన్నిటికంటే వెనుక ఉండండి.