సాయంత్రం ఏడు గంటలు

తొలిసారి ఎవరికీ చెప్పకుండా తాగుడు మానేశాను. రెండో రోజుకే చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు, కంటి మీద కునుకు లేదు. మూడో రోజు మళ్లీ సీసా పట్టాను. నాలో పట్టుదల లేదనుకుని కుమిలిపోయాను. కానీ ఏళ్ల తరబడి తాగిన శరీరం హఠాత్తుగా మానితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు పర్యవేక్షణ తప్పనిసరి.

ఈసారి మత్తు విముక్తి కోసం ప్రభుత్వం నడిపే ఉచిత సహాయవాణి 14446కు ఫోన్ చేశాను. డాక్టరు మందులతో పాటు థయమిన్ అనే బి1 విటమిన్ కూడా ఇచ్చారు. తరువాత ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశానికి వెళ్లాను. 1935లో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు తోడుగా నిలిచి మొదలుపెట్టిన సంఘమది. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు. అక్కడ ఒక పెద్దాయన నా చేయి పట్టుకుని, "ఈ ఒక్క రోజు గడుపుదాం బాబూ" అన్నారు.

నాకు గండం సాయంత్రం ఏడు గంటలే. ఆ వేళకు ఆయనకు ఫోన్ చేస్తాను, అమ్మ టీ పెడుతుంది. ఈరోజు 43వ రోజు.