జ్వరమొచ్చిందని స్టెరాయిడ్ మాత్ర ఆపొద్దు

కీళ్లవాతానికి ఏళ్లుగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వాడుతున్న ఒకావిడను ఈమధ్యే బీపీ పడిపోయి ఐసీయూలో చేర్చారు. జ్వరం, విరేచనాలకు మందుల షాపులో మాత్రలు తెచ్చుకున్నారట. ఇన్ని మందులు ఒకేసారి ఎందుకని పాతవి పక్కన పెట్టారు. అందులో స్టెరాయిడ్ కూడా ఉంది.

వానాకాలంలో నీళ్లు కాచి తాగాలని అందరికీ తెలుసు. నేను చెప్పేది ఒక్కటే: స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపొద్దు.

మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. జబ్బు చేసినప్పుడు బీపీ, షుగర్ పడిపోకుండా కాసేది అదే. ప్రెడ్నిసొలోన్ రోజుకు 5 మి.గ్రా. చొప్పున నెల వాడినా, బయటినుంచి వస్తోంది కదా అని ఆ గ్రంథులు పని తగ్గించేయొచ్చు. మాత్ర మానగానే అవి మళ్లీ పని మొదలుపెట్టవు, కొందరికి నెలలు పడుతుంది. పైగా జ్వరంలో ఒంటికి కార్టిసాల్ ఇంకా ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే మనవాళ్లు మాత్ర మానేస్తారు!

జ్వరమొస్తే కొందరికి డోసు రెట్టింపు చేయమంటారు. ఇప్పటికే ఎక్కువ డోసులో ఉన్నవాళ్లకు అక్కర్లేకపోవచ్చు. మీ సంగతేమిటో ఒంట్లో బాగున్నప్పుడే డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి.

వాంతులైతే మాత్ర ఒంటికి పట్టదు, అంటే ఆపేసినట్టే. వేసుకున్న అరగంటలోపు వాంతైతే మళ్లీ వేసుకోండి. అదీ నిలవకపోతే ఆస్పత్రికి వెళ్లండి, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, సెలైన్ పడాలి. లేస్తే కళ్లు తిరుగుతున్నా, కడుపునొప్పితో మనిషి తేలిపోతున్నా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి.

వైసలోన్, ఒమ్నాకార్టిల్, మెడ్రాల్, డెక్సామెథసోన్, ఇవన్నీ స్టెరాయిడ్‌లే, మీ షీట్ మీద పేరు చూసుకోండి. ఒక్క రోజులో నొప్పులు మాయం చేసే పేరులేని పొట్లం మందులో కూడా స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు, నెలలుగా వాడుతుంటే దాన్నీ ఒక్కసారిగా ఆపొద్దు, పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ముఖం ఉబ్బిందని ఆపొద్దు. షుగర్ పెరిగిందని ఆపొద్దు. నొప్పి తగ్గిందని అసలే ఆపొద్దు, కొద్దికొద్దిగా తగ్గించేది డాక్టరే. ఉపవాసమైనా మాత్ర మానొద్దు. ఊరెళ్తే ఒక షీట్ ఎక్కువ పెట్టుకోండి. పన్ను పీకించుకునే ముందు కూడా స్టెరాయిడ్ వాడుతున్నామని డాక్టర్‌కి చెప్పండి. ఆ మాటే రాసిన చీటీ పర్సులో ఉంచుకోండి. ఇంట్లోవాళ్లకు ఇవాళే చెప్పండి: 108 వాళ్లు రాగానే ముందు ‘స్టెరాయిడ్ వాడుతున్నారు’ అనాలి, మిగతా కథ తర్వాత.